ముందుగా తొక్కే మనిషి

ఇబ్రహీంపట్నంలో ఒక షెడ్డు కిరాయికి తీసుకుని మేము మూడు చక్రాల బండ్లు చేసేవాళ్లం. వెనక్కి ఒరిగి కూర్చుని, కాళ్లు ముందుకు చాపి తొక్కాలి. అలసిపోతే బ్యాటరీ మోటారు సాయం చేస్తుంది. బొమ్మ గీసేది నేను, ఇనుము అతికేది వెల్డింగ్ అన్న. అంతకుముందు ఆయన ఇళ్లకు గేట్లు చేసేవాడు.

బండి తయారైన ప్రతిసారీ నన్ను పక్కకు జరిపి, "ముందుగాల నేను తొక్కుత. ఏమన్న అయితే నాకే కానీ," అనేవాడు. ఆయన శేరిగూడ దాకా తొక్కి వచ్చాకే కొన్నవాళ్లకు ఇచ్చేవాళ్లం.

అప్పుడు చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయి. రోడ్డు నిండా కంకర టిప్పర్లు. మా బండి నేలకు మరీ దగ్గరగా ఉంటుందని, పెద్ద బండ్లవాళ్లకు కనబడదని నాకు తెలుసు. వెనక ఎత్తుగా ఒక జెండా కట్టాలనుకుంటూనే వాయిదా వేశాను. ఆరో బండి తొక్కుతూ వెళ్లిన అన్న మలుపులో టిప్పర్ కింద పడి చనిపోయాడు.

పదకొండో రోజున తప్పు నాదేనని చెబుదామని వాళ్లింటికి వెళ్లాను. నేను నోరు విప్పకముందే వదిన అడిగింది.

"నిజం చెప్పు తమ్మీ, ఆయన పెట్టిన అతుకు ఊడిందా?"

"లేదు వదినా. ఒక్కటి గూడ ఊడలే."

"అవ్, ఊడది," అంది. అన్నాళ్లూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

చెప్పాలనుకున్నది చెప్పకుండానే లేచి వచ్చాను. ఇప్పటికీ చెప్పలేదు.