భవానీదేవి గారి పాముల సంఘం

మామిడికుదురు రోడ్డు మీద కొబ్బరి కొట్టు జగ్గారావు గారిది. ఆయన భార్య భవానీదేవి గారు. అన్నం వార్చిన గంజి ఆవిడ వేడివేడిగా ఎప్పుడూ పారబొయ్యరు. పూర్తిగా చల్లారనిచ్చి, దొడ్లోకి వెళ్లి, "కాస్త పక్కకి జరగండమ్మా" అని చెప్పి మరీ పోస్తారు. ఆ మాట కప్పలకి. వానాకాలంలో స్నానాలగది గోడకి ఒక చెట్టుకప్ప అంటుకుని కాపురం పెడితే, దానికి అడ్డం కాకుండా నీళ్లు పోసుకోమని ఇంటిల్లిపాదికీ ఆవిడ ఆజ్ఞ. ఇక పాముల్ని ఆవిడ ఏనాడూ 'అది' అనలేదు. "నిన్న గట్టు మీద ఆయన కనబడ్డాడండి, ఎంత నిగనిగలాడుతున్నాడో" అని, పెళ్లికొడుకుని చూసొచ్చినంత సంబరంగా చెబుతారు.

ఆవిడకి ఉన్న దిగులు ఒక్కటే. వరి కోతలొస్తే చేలల్లో కర్రలు లేస్తాయి. జెర్రిపోతైనా, నీరుకట్టైనా, విషం లేదని తెలిసినా సరే, ముందు కొట్టేసి తరవాత ఏ పామో చూస్తారు. ఎలకల్ని తినిపెట్టే ప్రాణిని చంపుకుంటారా అని ఆవిడ ఇల్లిల్లూ తిరిగి చెప్పేవారు. అందరూ కుర్చీ వేసేవారు, మజ్జిగ ఇచ్చేవారు, మాట మాత్రం వినేవారు కాదు. ఒక్క మనిషి చెబితే వినరు, సంఘం చెబితే వింటారని ఆవిడకి తోచింది. ఈసారి కోతలు మొదలయ్యేలోగా కోనసీమ మొత్తానికీ పాములు, కప్పల మిత్రమండలి ఒకటి నిలబెట్టాలని పూనుకున్నారు.

అమలాపురంలో కనుక్కుంటే, రిజిస్టరు కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలన్నారు. ఆవిడ కాక, అమలాపురంలో ఫ్లెక్సీలు వేసే దుర్గాసాయి, అతని భార్య, కాలేజీలో జువాలజీ చెప్పే మేష్టారు, ఆయన శిష్యులిద్దరు చేరారు. ఏడో మనిషి దొరకలేదు. అడిగితే చాలు జనానికి నవ్వులు. అధ్యక్షుడు తాచుపామేనా అని ఒకరు, చందా గుడ్ల రూపంలో ఇవ్వొచ్చా అని ఒకరు. చివరికి భర్తనే అడిగారు. జగ్గారావు గారు బల్లి మీద పడితే తలస్నానం చేసి మంచమెక్కే మనిషి.

"నువ్వు ఏనుగుల సంఘం పెట్టు భవానీ, కోశాధికారిగా ఉంటాను" అన్నారాయన.

లాభం లేదని, అందరినీ పిలిచి ఒక సభ పెట్టాలనుకున్నారు. మేష్టారికి సెలవని నాగులచవితి రోజు ఖాయం చేశారు. దుర్గాసాయి తన చేతికున్న పనితనమంతా పెట్టి ఫ్లెక్సీ వేసి తెచ్చాడు. నిలువెత్తు తాచుపాము, పడగ విప్పి, రోడ్డు మీద పోయేవాళ్లని తిన్నగా చూస్తున్నట్టుంది. మూల చిన్న కప్ప. కింద పెద్ద అక్షరాలతో సభ జరిగే రోజు, పాముల్ని చంపవద్దన్న విన్నపం, సభ్యులుగా చేరమన్న ఆహ్వానం. దాన్ని కొట్టు ముందు గుంజలకి కట్టి, భవానీదేవి గారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

తెల్లారి చూస్తే పడగకి బొట్టు ఉంది. మర్నాటికి బంతిపూల దండ వచ్చింది. ఆ మర్నాడు ఎవరో భక్తురాలు అందినంత మేరా పసుపు పూసేసింది. అందినంత మేరా అంటే సరిగ్గా అక్షరాలున్నంత మేరా. సభ లేదు, సంఘం లేదు, విన్నపం లేదు, అంతా పచ్చగా పసుపే. కప్పకి కూడా ఒక కుంకుమ బొట్టు దక్కింది. మనవడికి చెవిపోటు తగ్గిందని ఒకావిడ ప్రమిద వెలిగించి వెళ్లింది.

దుర్గాసాయి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "తుడిచేద్దామాండి?" అన్నాడు.

"పసుపు ఎలా తుడుస్తాం బాబూ" అన్నారు భవానీదేవి గారు. తుడవడానికని తెచ్చిన గుడ్డ పక్కన పెట్టి, తనూ ఒకసారి కళ్లకద్దుకున్నారు.

చవితి పొద్దున్న షామియానా వేసి కుర్చీలు సర్దేసరికి, ఊళ్లో ఆడవాళ్లు సగం మంది తడిబట్టలతో దిగిపోయారు. చెంబుల్లో పాలు, పళ్లాల్లో చిమ్మిలి, చలిమిడి. వెనకాల పిల్లలు, వాళ్ల చేతుల్లో దీపావళికి మిగిలిన టపాకాయలు. మేష్టారు ఉపన్యాసం కాగితం జేబులోకి తోసేసుకున్నారు. అందరికంటే ముందు వీరాయమ్మ గారు. ఊళ్లో నోములూ వ్రతాలూ ఆవిడ చెప్పినట్టే జరుగుతాయి.

"పుట్టెక్కడే భవానీ?" అన్నారావిడ.

ఉందంటే జనం ఉంటారు. లేదంటే పోతారు, ఏడో సభ్యుడి మీద ఆశా పోతుంది. ఆ పక్కనే కాయలు వలిచి పోసిన కొబ్బరి డొక్కల గుట్ట చూపించి, అదే పుట్ట అనేద్దామని దుర్గాసాయి చెవిలో ఊదాడు కూడా.

భవానీదేవి గారు చేతులు జోడించారు. "పుట్ట లేదండి పిన్నిగారూ. ఈ బొమ్మ సంఘం కోసం పెట్టుకున్నామండి. పాముల్ని కొట్టొద్దని చెప్పడానికి. మీరు పసుపు రాసేరు, నాకు వద్దనబుద్ధి కాలేదండి."

అందరూ చెంబులు పట్టుకుని నిలబడిపోయారు. ఇంతలో ఒక పిల్లాడు టపాకాయ అంటించాడు. ఆ చప్పుడుకి డొక్కల గుట్టలోంచి ఒక జెర్రిపోతు, మనిషంత పొడుగుది, సర్రున బయటికొచ్చింది. జగ్గారావు గారు ఎప్పుడెక్కారో ఎవరూ చూడలేదు, స్కూటరు సీటు మీద నిలబడి ఉన్నారు. కొట్లో డొక్క వలిచే కుర్రాడు అలవాటుకొద్దీ కర్ర ఎత్తాడు.

"దించరా కర్ర" అన్నారు వీరాయమ్మ గారు. "చవితి పూట స్వామిని కొడతావేంట్రా."

కర్ర దిగింది. పిల్లలు పెద్దల చీరల వెనక చేరారు. అందరూ చేతులు జోడించారు. పాము ఆగి, తలెత్తి, ఇంతమందీ తనకోసమే వచ్చారా అన్నట్టు చూసింది. తరవాత కుర్చీల వరసల మధ్య నుంచి, సభకి ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషిలా నెమ్మదిగా సాగి, పక్కనున్న పంటబోదె నీళ్లలోకి దిగిపోయింది. ఒక్కసారిగా అందరికీ ఊపిరి వచ్చింది, దాంతోపాటే నవ్వూ వచ్చింది. ఎవరు నవ్వడం మొదలెట్టారో తెలియదు, ఆగడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. చెంబుల్లో పాలు తొణికిపోయాయి.

"ఎంత బావున్నాడే" అన్నారు వీరాయమ్మ గారు పైటకొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఇన్నేళ్లూ పుట్టలో పాలు పోస్తున్నాను, ఎదురుగా కనబడ్డం ఇదే మొదలు."

భవానీదేవి గారు మెల్లిగా అన్నారు. "రేపు మీ చేలో కనబడేదీ ఆయనేనండి పిన్నిగారూ."

వీరాయమ్మ గారు బోదె గట్టు దాకా వెళ్లి, పాము దిగిన చోటు తొంగిచూశారు. కర్ర దించిన కుర్రాడు తల వంచుకున్నాడు.

"ఆయ్, నిజమేనే" అన్నారు వెనక్కి తిరిగి. "నా పేరు రాసుకో. సంతకం పెట్టలేను, వేలిముద్ర వేస్తాను."

ఏడో మనిషి వచ్చింది. ఆవిడ వెనకాల ఎనిమిదో మనిషి, తొమ్మిదో మనిషి, చెవిపోటు తగ్గిన మనవడి నాయనమ్మ. వయసు చాలని పిల్లలు తమ పేర్లూ రాయమని పేచీ పెట్టారు. అధ్యక్షురాలు వీరాయమ్మ గారే ఉండాలని అందరూ పట్టుబట్టారు. మజ్జిగ ఇచ్చి మాట వినని వాళ్లే కాగితం మీద చోటు లేదని దెబ్బలాడుకున్నారు. తెచ్చిన పాలు ఫ్లెక్సీకి చూపించి పిల్లలకి పోశారు.

సాయంత్రం ఉపవాసాలు విడుస్తుండగా ఎదురు వీధి నుంచి భవానీదేవి గారికి ఫోనొచ్చింది. బియ్యం డబ్బా వెనకాల ఏదో కదులుతోందట.

"కర్ర ముట్టుకోలేదండి" అన్నాడు ఆ ఇంటాయన. "మీ సంఘం వస్తుందని మంచాలెక్కి కూర్చున్నామండి."

సంఘం వెళ్లింది. ఒక్కరూ మానకుండా వెళ్లారు. ముందు టార్చిలైటుతో అధ్యక్షురాలు, ఆ వెనక మేష్టారు, దుర్గాసాయి దంపతులు, చివర చాలా దూరంగా జగ్గారావు గారు. భవానీదేవి గారు వంగి డబ్బా జరిపారు. లోపల గుప్పెడంత గోదురుకప్ప, బుగ్గలు పొంగించుకుని కూర్చుంది. ఆవిడ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, దారివ్వండని అందరినీ జరిపి, తులసికోట పక్కన చెమ్మలో వదిలిపెట్టారు. మంచాల మీంచి ఒక్కొక్కరే దిగారు. ఇంటావిడ అందరికీ కాఫీ పెట్టింది. గ్లాసులు చాలకపోతే పక్కింటివాళ్లు తెచ్చిచ్చారు.