అత్తయ్య కొట్టేసిన మాట

మా అత్తగారిని వీధిలో అందరూ ధర్మకాటా అంటారు. ఎవరి గొడవ వచ్చినా ఇద్దరి మాటా వింటుంది, ఎవరి వైపూ మొగ్గదు. నాకేమో ముక్కు మీద కోపం. ధర్మకాటా ఏమిటి, గోడ మీద పిల్లి అని లోపల్లోపల సణుక్కునేదాన్ని.

ఆవిడ నిఘంటువు ఆఫీసులో పనిచేస్తుంది. మాటకి అర్థం రాసేసి చేతులు దులుపుకునే రకం కాదు. ఎవరైనా ఆ మాట అనగా విని, ఆ వాక్యాన్నే ఉదాహరణగా పెడుతుంది. బజారులో, బస్సులో, ఆఖరికి నేనూ మా ఆయనా పోట్లాడుకుంటున్నా చెవులు రిక్కించే ఉంటుంది. ఒళ్ళు మండేది నాకు!

ఆ ఆదివారం భోజనాల బల్ల మీద కొత్త ముద్రణ కాగితాలు పరుచుకుని, 'సమతూకం' దగ్గర ఆగింది. పక్కనే దాని సమానార్థకాలు: సమతౌల్యం, సరితూగడం, సర్దుబాటు. వయసులో ఉన్నప్పుడు ఆవిడ రాసినవే.

నాకప్పుడే బస్సు డ్రైవరు ఉద్యోగం వచ్చింది. మర్నాడు తెల్లారేసరికి డిపోలో ఉండాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"పాపని బడికెవరు తయారుచేస్తారు? కొన్నాళ్ళు సర్దుకో" అన్నాడు మా ఆయన. "సంసారమన్నాక సమతూకం ఉండాలి కదా!"

అత్తయ్య కలం ఆగింది. "ఒరేయ్, అమ్మాయి సర్దుకుంటుంది సరే. నీ వైపు నువ్వేం పెడుతున్నావు?"

"నువ్వు మాత్రం సర్దుకోలేదా అమ్మా? ప్రధాన సంపాదకురాల్ని చేస్తామంటే నాన్న కోసం వద్దన్నావుగా?"

"అన్నాను. ఆ ఏడాదే సమతూకమూ సర్దుబాటూ ఒకటేనని రాశాను. తప్పురా. తూకమంటే రెండు పళ్ళేల్లోనూ ఏదో ఒకటి పెట్టాలి. సర్దుబాటులో పెట్టేది ఒక్కరే."

ఎర్ర కలంతో 'సర్దుబాటు' మీద కాగితం చిరిగేంత గట్టిగా గీత కొట్టింది. లేచి ఆవిడని వాటేసుకోవాలనిపించింది. ఎంత మనిషండీ మా అత్తయ్య!

మా ఆయన ఆ గీత వంక చూశాడు. తర్వాత లోపలికెళ్ళి దువ్వెన తెచ్చి, పాపని నా ముందు కూర్చోబెట్టాడు.

"జడ ఎలా వెయ్యాలో చూపించు" అన్నాడు.