కిందికి దిగిన చిన్న రెండు

బట్ట నేసే సాంచెలు అమ్మేశాక ఖాళీ అయిన గదిలోనే మా మనుమరాలు కంప్యూటర్ పెట్టుకుంది. కరీంనగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఒక సారు లెక్కల పుస్తకాలను పీడీఎఫ్‌లుగా పంపేవాడు. వాటిలోని సూత్రాలను కాపీ చేసి ప్రశ్నపత్రం తయారు చేయడం ఆమె పని. ఈ పని నిలిస్తేనే డిగ్రీ చివరి ఏడాది చదువు. లేకపోతే బట్టల దుకాణంలో నిలబడాలని నా కొడుకు ముందే తేల్చేశాడు.

పిల్ల పదో తరగతితో లెక్కలను వదిలేసింది. నేను మూడో తరగతితో బడినే వదిలేశాను.

కాపీ చేస్తే సూత్రాలు ఉన్నవి ఉన్నట్టు రావు. ఒక గుర్తు ఎగిరిపోతుంది, ఒక గీత మాయమవుతుంది.

"కండ్లు గుంజుతున్నయి బాపమ్మా. ఒక్కదాన్నే చూస్తే ఏదో ఒకటి తప్పిపోతనే ఉంది."

"నేను సచ్చిన్నా? నువ్వు సదువు, నేను టిక్కు పెడ్త."

మా ఇంట్లో సాంచె అచ్చు పళ్ల సందుల్లో దారం పోగులు ఎక్కించిందీ అలాగే. ఒకరు పోగు అందిస్తే ఇంకొకరు లాగేవాళ్లం. ఒక్క పోగూ తప్పిపోకుంటే బట్టకు ఢోకా లేదు. పిల్ల కంప్యూటర్‌లో చూస్తూ "ఎక్స్, రెండు, ప్లస్, వై, రెండు" అని చదివేది. అసలు పుస్తకం పేజీని కాగితం మీద తీయించి, పిల్ల పేరు నేర్పిన ఒక్కో గుర్తు మీద నేను పెన్సిల్‌తో టిక్కు పెట్టేదాన్ని. వర్గమూలమని పిల్ల చెప్పిన గుర్తు రాకపోతే ఆపేదాన్ని.

"గా టోపీ ఏదే?"

"అబ్బో, నన్ను మించిపోతున్నవ్ ముసల్దానా!"

"నోరు మూసుకొని సదువు. కరెంటు ఉత్తగ కాలుతుంది."

చివరికి టిక్కు లేని గుర్తు ఒక్కటీ మిగల్లేదు. "పంపియ్" అన్నాను.

పరీక్ష అయిన రోజే సారు ఫోన్ చేశాడు.

"ఏందమ్మా గిది? ఎక్స్ మీద ఉండాల్సిన రెండు పక్కకు దిగింది. ఒక్క లెక్కా తెగలే. పోరగాండ్లు నన్ను ఆడుకుంటుండ్రు."

"సార్, ఇంకొక్కసారి..."

"ఇగ వద్దు. హుజూరాబాద్‌ల వేరేటోళ్లకు ఇచ్చిన."

నేను కాగితం తీసి మళ్లీ చూశాను. "రెండు ఉన్నది కదనే. ఏడ పోయింది?"

"ఉన్నది బాపమ్మా. చిన్నగ మీద ఉంటే ఎక్స్‌ను ఎక్స్‌తోనే గుణించాలె. పక్కన ఉంటే వేరే లెక్క."

"మరి సదివేటప్పుడు ఎర్క లేకుండెనా?"

"ఎర్కే. నువ్వు టిక్కు పెడుతున్నవని సదువుకుంట పోయిన."

టిక్కు పెట్టిన చేయి నాదే. ఇప్పుడు చూసినా నాకు అన్ని గుర్తులూ ఉన్నట్టే కనిపిస్తున్నాయి.

సాయంత్రం కొడుకు వచ్చి అంతా విన్నాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "రేపు పొద్దుగాల తయారుండు, దుకాణంకాడ దించిపోత" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

రోజూ నేను గొంతు చించుకుంటే తప్ప కంప్యూటర్ ప్లగ్గు తీయని పిల్ల, ఆ పూట నేను చెప్పకుండానే లేచి తీసేసింది.