పేరు చెప్పని రాజలింగం సారు

రాజలింగం సారు దివంగతులయ్యారన్న వార్త నిజామాబాదులోని మా వారపత్రిక ప్రెస్సులో, తడి ప్రూఫు నా చేతిలో ఉండగా తెలిసింది. ఆయన పాత విద్యార్థి నర్సయ్య బోధన్ నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "అక్కా, సారు పోయిండు. పొద్దుగాల గుండెల నొప్పన్నడట. దవాఖానకు తీస్కపోయేలోపే..." అన్నాడు. నేను ఆ ప్రూఫును చివరిదాకా దిద్దాను. ఏం దిద్దానో తెలియదు. ఆనాటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. ఈ అశాంతికి దుఃఖం ఒక్కటే కారణం కాదు. ఆ కారణమేమిటో కూడా ఈ నివాళిలోనే చెప్పుకోవాలి.

సారు నందిపేట్ ప్రాంతపు పసుపు రైతుల బిడ్డ. ఉర్దూలో చదువుకున్నారు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన కొత్తలో బోధన్ దాపున ఒక ఉన్నత పాఠశాలకు సాంఘికశాస్త్రోపాధ్యాయులుగా వచ్చి, మాకు పాఠం చెబుతూనే మాతోపాటు తెలుగు వ్యాకరణం నేర్చుకున్నారు. వాక్‌స్వాతంత్య్రం పాఠం వచ్చిన రోజు ఆయన పుస్తకం తెరవలేదు. "నా చిన్నప్పుడు మా బాపు సర్కారు బంద్ వెట్టిన పత్రికను పసుపు బస్తాల దాచి తెచ్చేటోడు. దొరికితే జైలే. తలుపేసుకొని చదివేటోళ్లం. కాగితమంత పసుపు వాసన. ఇయ్యాల మీరు బజార్ల నిలబడి చదువుతున్నరు. ఈ నడుమ ఏం మారిందో, గదే ఈ పాఠం" అన్నారు.

ఆ వారమే వరండాలో ఒక చెక్కబల్ల వేలాడదీసి, విద్యార్థులే వార్తలు రాసి అంటించే గోడపత్రికను ప్రారంభించారు. నేను అందులో విలేఖరిని. కాలువ కింద భూముల కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కూతురిని. నా మాటతీరుకు తరగతిలో నవ్వేవారు కానీ నా రాతకు ఎవరూ నవ్వలేదు. ఆ గర్వంతోనే మొదటి తప్పు చేశాను. చెరకు బండి సాయిలు కూలబడిన ఎద్దును దారిలో వదిలేసి పోయాడని, ఎవరో చెప్పగా విని రాసేశాను. సారు చదివారు. బడి వదలగానే నన్ను వెంటబెట్టుకొని, చెరకు బండ్లు బారులు తీరి నిలిచిన చోటికి నడిపించారు. సాయిలు నన్ను చూసి కోప్పడలేదు. "అది సచ్చేదాక దాని తల నా ఒళ్లెనే పెట్టుకున్న బిడ్డా. ఒక్కసారి వచ్చి అడిగితే చెప్పకపోదునా?" అన్నాడు. మరుసటి వారం అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో, నేను రాసింది అబద్ధమని నా చేతనే రాయించారు సారు. "నోరు మనది. గని అవుతలోనికి సుత ఒక నోరున్నది" అన్నారు. ఈనాటికీ ఏ వార్త చేతికి వచ్చినా ఆ మాటే ముందు వినిపిస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు జరిగినదే సారు జీవితాన్ని మార్చివేసింది. మా బడిలో మంచినీళ్ల కుండ ఒకటే, గ్లాసులు రెండు. ఇత్తడి గ్లాసు మాకు. సత్తు గ్లాసు మాలమాదిగల పిల్లలకు. ఇక్కడ బడి పేరు రాయకపోవడానికి కారణం భయం కాదు, అలాంటి గ్లాసులు ఆ ఒక్క బడికే పరిమితం కాదు. "ఏ గ్లాసు ఎవరిదో నిర్ణయించింది ఎవరు?" అని రాసి సారుకు ఇచ్చాను. "ముందుగాల పోశయ్యను అడిగి రా" అన్నారు. కుండ నింపే బంట్రోతు పోశయ్య, "నాకేమెరుక బిడ్డా, నేను రాకముందు నుంచే గట్లున్నయి" అన్నాడు. ఆ మాట కూడా చేర్పించి, "పేరు పెడ్తవా?" అని అడిగారు. నేను తల అడ్డంగా ఊపాను. పాఠశాల కమిటీ పెద్ద మా నాన్నకు స్నేహితుడు, మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లే మనిషి. "పేరు పెట్టకపోవుడు తప్పు గాదు. ఎవలు అడిగినా చెప్పకపోవుడు ఇగ నా పని" అన్నారు సారు.

గోడపత్రికలో అది పేరు లేకుండా వచ్చిన రెండో రోజే హెడ్మాస్టరు మా తరగతికి వచ్చారు. "రాసింది ఎవరో చెప్పండి రాజలింగం గారూ, అంతటితో వదిలేద్దాం."

"రాసింది నిజమా కాదా, గది అడుగుండ్రి సార్."

"నేను పేరు అడుగుతున్నాను."

"పేరు దొరికితే మీరు ఇగ కుండ దిక్కు చూడరు."

నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. లేవాలనుకున్నాను. లేవలేదు. సారు ఒక్కసారైనా నా వైపు చూడలేదు, చూస్తే తెలిసిపోతుందని.

వారం తిరగకుండానే సత్తు గ్లాసు మాయమై, పిల్లలందరూ ఒకే గ్లాసుతో తాగసాగారు. నెల తిరగకుండానే సారుకు గోదావరి ఒడ్డున ఉన్న దూరపు పల్లెకు బదిలీ అయింది. పిల్లల చదువు చెడుతుందని కుటుంబాన్ని బోధన్‌లోనే ఉంచి, ఏడేళ్లు ఒంటరిగా వండుకు తిన్నారు.

అత్యవసర పరిస్థితి రోజుల్లో ఆయన జక్రాన్‌పల్లి బడిలో ఉండేవారు. మా వారపత్రిక పేజీలను అచ్చుకు ముందు అధికారికి చూపించి రావలసిన కాలమది. కొట్టివేసిన గీతలు చూసి చూసి విసిగి, ఒకనాడు బస్సెక్కి ఆయన దగ్గరికి వెళ్లాను. సారు అదే వాక్‌స్వాతంత్య్రం పాఠం చెబుతున్నారు. "పుస్తకంల ఉన్నది, చెప్తున్న. ఇప్పుడిది నడుస్తలేదు, గది గూడ చెప్తున్న" అన్నారు పిల్లలతో. "నడవనప్పుడు మేమెందుకు చదవాలె సార్?" అని ఒక పిల్ల అడిగింది. "మల్ల వచ్చిననాడు గుర్తుపట్టనీకె బిడ్డా" అన్నారు. ఆ పాఠానికి పైవారు సంజాయిషీ అడిగితే, "పాఠ్యపుస్తకంలోని పాఠం చెప్పాను" అని ఒక్క వాక్యం రాసిచ్చారట.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు, "సార్, ఆనాడు తరగతిలో నేను..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "చెప్పాలంటే నలుగుట్ల, అందరి ముందట చెప్పుకో. అది నీ ఇష్టం. నా నోట మాత్రం రాదు." ఇంతలో బస్సు వచ్చింది. తర్వాత ఆంక్షలు తొలగాయి, ఆయన ఉద్యోగ విరమణ చేశారు, నేను మాత్రం చెప్పలేదు.

పదో రోజున సారు ఇంటికి వెళ్లాను. ఆయన భార్య గంగవ్వ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఏడేండ్లు ఆయనక్కడ, మేమిక్కడ. ఆ రాసింది ఎవలని ఎన్నిమార్లో అడిగిన. నాకు సుత చెప్పలే. నీకేమన్న ఎరుకనా బిడ్డా?"

"నేనేనండీ" అన్నాను.

ఆమె నా చేయి పట్టుకున్నారు. "మంచిగనే రాసినవు. గని ఆయన ఉండంగ ఒక్కసారి నలుగుట్ల అనకపోతివి. ఎంత ఖుష్ అవుతుండెనో" అన్నారు.

ఎన్నో బడులలో పౌరశాస్త్రం చెప్పే గురువులు ఉన్నారు, ఉంటారు. ఒక పిల్ల పిరికితనాన్ని కూడా తన మౌనంతో కాపాడిన గురువు మళ్లీ మాకు దొరకరు. ఆ మహనీయుని స్మృతికి శిరసు వంచి, ఆలస్యంగానైనా అందరి ముందూ చెబుతున్నాను. ఆ గ్లాసుల సంగతి రాసింది నేను.

సులోచన, తొమ్మిదో తరగతి 'బి'