వాన బొమ్మకు పసుపు

చెక్క మీద బొమ్మ చెక్కి, నీటి రంగులు పూసి, జపాను వాళ్ళ పద్ధతిలో చేత్తో కాగితం మీద అద్దుతారే, ఆ బొమ్మలంటే నాకు పిచ్చి. మా అత్తకు నా పిచ్చి అంటే చిరాకు. ఈ హిందీ ఊళ్ళో, సెక్టర్ 4లోని మా ఫ్యాక్టరీ క్వార్టర్ గోడకు నేను మేకు కొట్టినప్పుడల్లా తన నెత్తిన కొట్టినట్టే మొహం పెట్టేది.

"దేవుడూ కాదు, సుట్టమూ కాదు. ఆ కొంగ బొమ్మకి గోడెందుకే?" అనేది.

కొండల్లో ఉండే ఒకమ్మాయి నాలుగు రుతువులకు నాలుగు బొమ్మలు చెక్కింది. మంచులో కొంగ, పూసిన కొమ్మ, రాలిన ఆకులు నాకు దొరికాయి. వాన బొమ్మ మాత్రం నేను కళ్ళు తెరిచేలోపే అమ్ముడైపోయింది. దాని కోసం ఏళ్ళ తరబడి అడగని మనిషి లేడు. చివరికి ఈ ఆషాఢంలో ఒకాయన తన దగ్గరున్నది నాకు పంపించాడు.

కొరియర్ భయ్యా ఇచ్చిన ప్యాకెట్ విప్పి, బొమ్మను బల్ల మీద పరిచి, పొంగుతున్న పాలు దింపడానికి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి అత్త పసుపు గిన్నెతో నిలబడి ఉంది. కొత్త చీరకు పెట్టినట్టు బొమ్మ నాలుగు మూలలా పసుపు పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తడిగుడ్డతో తుడిస్తే పసుపుతో పాటు వానా పోతుంది.

"ఏటత్తా ఇది?" అన్నాను.

"కొత్తది ఇంటికొస్తే పసుపెట్టరేటి?" అంది. ఇంకా బొమ్మనే చూస్తోంది. "నాను ఈ ఊరొచ్చిన్నాడు పవర్ హౌస్ టేసన్లో రైలు దిగితే ఇదే వాన. కోటర్కొస్తే గడపకి పసుపెట్టడానికి ఎవులూ నేరు. నానే ఎట్టుకున్నాను. అందాకా ఇది మనిల్లనిపించనేదు. ఆ కొంగా గింగా నీవి. ఇది మనది."

అయినా నా కోపం చల్లారలేదు. మర్నాడు పవర్ హౌస్ బజారుకు, ఫ్రేములు కట్టే దుకాణానికి పట్టుకెళ్ళాను.

"దీదీ, దాగ్ ఛుపా దూఁ?" అంటూ దుకాణం అతను పసుపు కనబడకుండా చుట్టూ తెల్ల అట్ట పెట్టి చూపించాడు. నేను కోరుకున్నదే. తీరా చూస్తే, ఇంట్లోంచి ఎవరినో బయటికి పంపేసినట్టు ప్రాణం ఉసూరుమంది.

"రహనే దో భయ్యా" అని ఆ అట్ట తీయించేశాను.

నాలుగూ ఒక వరసలో తగిలించాను. మూడు తెల్ల మూలలతో, ఒకటి పసుపు మూలలతో. ఎంత చూసినా జట్టు కుదరలేదు. ఆ మూడూ దింపి, ఫ్రేములు విప్పి, అత్త ముందు పెట్టాను.

"ఇవీ మనవేనత్తా."

అత్త నా మొహంలోకి ఒకసారి చూసి, గిన్నె తెచ్చుకుంది. కొమ్మకు పెట్టింది, ఆకులకు పెట్టింది. కొంగ దగ్గర వేలు ఆగింది.

"దీనికి కాళ్ళక్కూడా రాసీనా?" అంది.

నేను బొమ్మను అత్త ముందుకు జరిపాను. ఇప్పుడు మా ఇంట్లో మంచులో నిలబడ్డ కొంగకు పసుపు కాళ్ళు.