తాళం తిప్పి కాసేపు ఆగమన్న యాదన్న

నిన్న పొద్దున జిన్నారంలో మా కంపెనీ ల్యాబ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. యాదన్న తమ్ముడు నర్సింలు.

"అక్కా, అన్న పోయిండు. ఛాయ్ తాగుకుంట కూసున్నడు, గట్లనే ఒరిగిండు."

నేను అడిగిన మొదటి మాట, "షెడ్ తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు. పాపం, నర్సింలు జవాబు కూడా చెప్పాడు. వదిన దగ్గరున్నాయట.

రేపు ఆదివారం యాదన్న దగ్గరికి వెళ్లాలి. మాటిచ్చాను. అందుకే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. యాదన్న పటాన్‌చెరులో సొంత షెడ్ పెట్టుకున్న కార్ మెకానిక్. అంతకుముందు పాశమైలారంలో కారు పార్టులు చేసే ఓ యూనిట్‌లో ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఇంజన్‌లోకి వెళ్లే గాలికి తలుపులాంటి చిన్న రేకు ఒకటి ఉంటుంది, థ్రాటిల్ అంటారు. అది సరిగ్గా తెరుచుకుంటోందా, మూసుకుంటోందా అని చూడటమే ఆయన డ్యూటీ.

ఆయన దాన్ని "రెప్ప" అనేవాడు.

షెడ్‌లో ఒక ఆచారం ఉండేది. తాళం తిప్పాలి, కానీ స్టార్ట్ చేయకూడదు. పెడల్ మీద కాలు పెట్టకూడదు. లోపల రెప్ప ఒకసారి కదిలి సర్దుకునే సన్నని చప్పుడు వినాలి. అప్పుడే స్టార్ట్.

"లేవంగనే ఎవ్వలన్న ఉరుకుతరా చెల్లె? జెర కండ్లు నులుముకోనియ్యి."

నేను మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లింది నా అతితెలివి వల్లే. ఏదో వీడియో చూసి, ఇంట్లోనే థ్రాటిల్ క్లీన్ చేద్దామని ఆ రేకును వేలితో తోశాను. అది మోటారుతో కదిలేది, చేత్తో తోయకూడదు. బండి దగ్గుతూ, వణుకుతూ పటేల్‌గూడ నుంచి షెడ్ దాకా చేరింది.

యాదన్న తిట్టలేదు. దాన్ని శుభ్రం చేసి, కంప్యూటర్ తగిలించి, అందరినీ చప్పుడు చేయొద్దన్నాడు. గ్రైండర్ ఆపించాడు. రేడియో ఆపించాడు.

"ఏడ తెరుసుకోవాలె, ఏడ మూసుకోవాలె అన్నది మర్శిపోయింది. మల్ల నేర్సుకుంటది. మనం కాలు పెట్టొద్దు, అంతే."

నలుగురు మనుషులం, ఒక కారు.

రేకుల కప్పు సందుల్లోంచి ఎండ బానెట్ మీద పడుతోంది. ఎక్కడో దూరంగా హైవే మీద లారీలు. లోపల జిర్... టక్. మళ్లీ జిర్... టక్.

నిద్రపోతున్న పసిపిల్ల దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాం. ఎంతసేపో గుర్తులేదు. ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కలలాగే ఉంటుంది.

నా బండి టర్బో పెట్రోల్. కాలు నొక్కితే ఒక్క క్షణం ఆలోచించి అప్పుడు లాగుతుంది. ఆ క్షణమంటే నాకు ఒళ్లుమంట. ఎందుకిలా అని యాదన్న ప్రాణం తీసేదాన్ని.

"పెడల్‌కు, ఇంజన్‌కు నడుమ తీగ లేదు చెల్లె. నువ్వు అడుగుతవ్. కంప్యూటర్ సూస్తది, వేడెంత, గేరేంది, టర్బోల గాలెంతున్నది అని. అప్పుడిస్తది. కంపెనోళ్లు ఎండల, వానల తిప్పి గట్ల సెట్ చేసిన్రు. ఊకె చెయ్యలె."

నేను వినలేదు. సిటీలో ఓ చోట ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పించాను. కాలు తగిలితే చాలు, బండి దూకేది. గొప్పగా తీసుకెళ్లి చూపించాను. యాదన్న ఒక రౌండ్ తిప్పి వచ్చి, తాళం నా చేతిలో పెట్టాడు.

"మల్ల మార్పియ్యి చెల్లె. గిది నువ్వు అడగనిది గూడ ఇస్తున్నది."

"నీకు పాత బండ్లే తెలుసన్నా" అన్నాను.

ఇరవై ఏళ్లు ఆ రెప్పలతోనే బతికిన మనిషిని పట్టుకుని. నోరు జారింది. ఆయన కోప్పడలేదు, నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. రెండు నెలలు నేను ఆ షెడ్ వైపు వెళ్లలేదు.

పోయిన వారం పాశమైలారంలో షిఫ్ట్ వదిలే టైమ్. వాన. రోడ్డు నిండా సైకిళ్లు. తడి చెప్పు జారి, కాలు పెడల్‌కు కాస్త గట్టిగా తగిలింది. బండి ముందుకు దూకింది.

బ్రేక్ పడేసరికి ఒక సైకిల్ వెనక చక్రానికి జానెడు దూరం.

అతను వెనక్కి తిరిగి చూశాడు. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా వేలాడుతోంది. "కోయీ బాత్ నహీ మేడమ్" అని, పర్వాలేదన్నట్టు చెయ్యూపి తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

బండి పక్కకు ఆపి ఏడ్చాను. నేను విసుక్కున్న ఆ ఒక్క క్షణం ఉండి ఉంటే అతను వెనక్కి చూడాల్సిన పనే ఉండేది కాదు.

మర్నాడే కంపెనీ ట్యూనింగ్ మళ్లీ వేయించాను. యాదన్నకు సారీ రాయడానికి మొహం చెల్లలేదు. "ఆదివారం బండి తెస్తా, విని చెప్పన్నా" అని మాత్రం మెసేజ్ పెట్టాను.

వాయిస్ మెసేజ్ వచ్చింది. "రా చెల్లె. ఛాయ్ తాగుకుంట విందం."

నిన్న సాయంత్రం శ్మశానానికి యాదన్న భార్య అనసూయ వదిన నా బండిలోనే వచ్చింది. డప్పులు, పాడె ముందుకు సాగిపోయాయి. వెనక నుంచి ఎవరో "జల్దీ పోనియ్యి" అంటున్నారు. నేను అద్దాలు ఎక్కించి తాళం తిప్పాను. అలవాటుగా ఆగాను.

జిర్... టక్.

వదిన ఏడుపు ఆపి తలెత్తింది.

"మంచిగనే ఉన్నది గదా? ఆదివారం చెల్లె వస్తదని నిన్ననే షెడ్ ఊడ్సిండు. నీ బండికని గా మూల జాగ ఇడిసిపెట్టిండు."

తలూపి, కాలు మెల్లగా ఆనించాను. బండి ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా ఆయన వెనకే కదిలింది.

యాదన్నా, సారీ.

రేపు వస్తాను. తాళాలు వదిన దగ్గరున్నాయి. ఆ మూల జాగాలో బండి పెట్టి, తాళం తిప్పి, కాలు తీసేసి కూర్చుంటాను. నువ్వు విను.

ఇక నిన్ను లేపేవాళ్లు లేరు, హాయిగా పడుకో అన్నా.