టేపుల గది ఇష్తియాక్

ఇష్తియాక్ చివరగా చేసింది రోజూ చేసే పనే. ఆ రాత్రి బ్యాకప్‌కు కావలసిన ఖాళీ టేపులను బీరువా అంత మెషీన్‌లో సర్ది, అద్దం తలుపు మూశాడు. లోపలి మరచెయ్యి ఒక్కో టేపు ముందు ఆగి లేబుల్ మీది గీతలు చదువుకుంటుంటే చూస్తూ నిలబడ్డాడు.

"మీ కోడలు ఇల్లు సర్దేసుకుందండీ మూర్తిగారూ. ఇక నేను వెళ్ళొస్తా," అన్నాడు. ఆ మెషీన్‌కు అతను సరదాగా పెట్టిన పేరు కోడలు.

ఇబ్రహీంపట్నం చేరకముందే అతని బండిని లారీ గుద్దింది.

ఆ ఆసుపత్రి కంప్యూటర్ గదికి సాంబమూర్తి ఇన్‌చార్జి. ఇష్తియాక్‌కు పని నేర్పింది ఆయనే. కొద్దిరోజులకే దసరా వచ్చింది. ఏటా లాగే ఆయుధపూజ చేశారు. పక్కన ఇష్తియాక్ లేడన్న దిగులుతోనే సాంబమూర్తి మెషీన్ తలుపు తీసి, టేపులన్నిటికీ గంధం, కుంకుమ పెట్టాడు.

పండగ మర్నాడు సర్వర్ డిస్కు పోయింది. రోగుల రికార్డులన్నీ టేపులోంచి తిరిగి ఎక్కించాలి. అడిగిన టేపు తన దగ్గర లేదంటోంది మెషీన్.

"ఇష్తియాక్ బయటికి పట్టుకెళ్ళాడేమోనండీ," అన్నాడు మేనేజరు భానుచందర్. "పోయినవాణ్ణి అనకూడదు గానీ, పోలీసులకి చెప్పక తప్పదు."

"అతను అలాంటివాడు కాదు సార్."

"మరి టేపేదండీ? కాళ్ళొచ్చి బెంజి సర్కిల్‌కి షికారుకెళ్ళిందా?"

సాంబమూర్తికి ఇష్తియాక్ తల్లి గుర్తొచ్చింది. కొడుకును మట్టిచేసి నెలైనా కాని ఆ తల్లి గుమ్మంలోకి పోలీసులు వెళ్తారా? అంతలోనే, నిజంగా తీశాడేమోనన్న అనుమానం తనలోనూ మెదిలింది. తన మీద తనకే రోత పుట్టింది.

తలుపు తీసి వెతికాడు. టేపు ఉండాల్సిన చోటే ఉంది. లేబుల్ గీతల మీద తాను పెట్టిన కుంకుమ. చొక్కా అంచుతో అన్ని టేపులూ తుడిచి తలుపు మూశాడు. మరచెయ్యి మళ్ళీ అన్నీ చదువుకుంటూ వచ్చి, ఈసారి ఆ టేపును అందుకుంది.

"ఏటా పెడుతూనే ఉన్నాంగా, ఎప్పుడూ ఇలా కాలేదే?" అన్నాడు భానుచందర్.

నలభయ్యోనాటి ఫాతెహా ప్రార్థనలకు ఆయన ఇష్తియాక్ ఇంటికి వెళ్ళాడు. తల్లి జహీదా కంచం ముందు పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది:

"మీ ఆఫీసులో దసరాకి రంగులాడతారా బాబూ? ఏటా పూజరోజు మావాడి జేబురుమాలు నిండా కుంకుమే. ఎంత ఉతికినా పోయేది కాదు. ఏంట్రా ఇది అంటే, మూర్తిగారికి చెప్పకు అమ్మీ, నొచ్చుకుంటారు, అనేవాడు."